జమ్మి ఆకు పెద్దల ఇంటికే వెళ్తుంది: యుద్ధాల్లో పనిచేసిన మన ఊళ్ల వృద్ధ సైనికుల గురించి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర సైనిక సంక్షేమ శాఖ సంచాలకులకు,
హనుమకొండ, వరంగల్, జనగామ, మహబూబాబాద్, ములుగు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల కలెక్టర్లకు,

నమస్కారం.

1971 యుద్ధంలో ఢాకా రేస్‌కోర్సు మైదానంలో పాకిస్తాన్ తూర్పు సైన్యం లొంగుబాటు పత్రం మీద సంతకం చేసి 2026 డిసెంబరు 16 నాటికి 55 ఏళ్లు నిండుతాయి. ఆ రోజున పద్దెనిమిదేళ్ల వయసులో యూనిఫాంలో ఉన్న కుర్రవాడికి ఇప్పుడు 73 ఏళ్లు. 1965 సెప్టెంబరు యుద్ధంలో అదే వయసున్నవారికి 79, 1962 అక్టోబరులో చైనా సరిహద్దు చలిలో నిలబడ్డవారికి 82. ఇవన్నీ తక్కువలో తక్కువ లెక్కలు. నాకు తెలిసినవారిలో చాలామంది ఇంతకంటే పెద్దవారే. పరకాల, నర్సంపేట, వర్ధన్నపేట, డోర్నకల్, ములుగు వైపు పల్లెల్లో కొందరు ఇంకా చేతికర్రతో పొలం గట్టు దాకా వెళ్లివస్తున్నారు, కొందరు మంచం దిగలేని స్థితిలో ఉన్నారు. యుద్ధకాలంలో సేవ చేసిన ఈ పెద్దలను రాష్ట్రం తరఫున గౌరవించే పనిని ఈ దసరాకు మొదలుపెట్టి డిసెంబరు 16 లోపు పూర్తి చేయాలనీ, ఆ గౌరవాన్ని వారి ఇళ్లకే తీసుకువెళ్లాలనీ కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

మా బాపు సిగ్నల్స్ దళంలో లైన్‌మన్. జబల్‌పూర్‌లో శిక్షణ పొంది, 1971లో అగర్తల వైపు నుంచి కదిలిన సేనలతో తూర్పు బెంగాల్‌లోకి, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లోకి, వెళ్లారు. టెలిఫోను తీగ చుట్టను వీపున మోసుకుంటూ, దళం వెనకాలే తీగ పరచుకుంటూ పోవడం, ఫిరంగి గుండు పడి తెగిన చోటును చీకట్లో చేత్తో తడిమి వెతికి, తొడుగును పళ్లతో ఒలిచి మళ్లీ ముడివేయడం ఆయన పని. ముందు పళ్లలో ఒకటి అంచు విరిగి ఉండేది. ఎట్లా విరిగిందని చిన్నప్పుడు అడిగితే "తీగ కొరికి" అనేవారు, అంతకు మించి చెప్పేవారు కాదు. పింఛనుకు కావలసిన 15 ఏళ్ల సర్వీసు నిండకుండానే ఇంటి పరిస్థితుల వల్ల తిరిగివచ్చి, మిగతా జీవితమంతా మక్క చేనులో, పత్తి చేనులో గడిపారు. ఆయన అసలు పేరు పంచాయతీ రికార్డులకు తప్ప ఊళ్లో ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన "మిల్ట్రీ". మిల్ట్రీ ఇంటి పక్క సందు అంటే కొత్తగా వచ్చిన పోస్ట్‌మన్‌కు కూడా దారి తెలిసిపోయేది. మా ఇంటి అటక మీద ఉన్న నల్ల రేకు పెట్టె మూతకు తెల్ల రంగుతో రాసిన నంబరు ఇంకా కనిపిస్తుంది. అందులో డిశ్చార్జి బుక్కు, పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్ ఒక పాత బనీను గుడ్డలో చుట్టి ఉన్నాయి. సంగ్రామ్ మెడల్ అంచు మీద ఆయన నంబరు, పేరు చెక్కి ఉన్నాయి. వేలి గోటితో తడిమితే తెలుస్తాయి. ఆయన పేరు ఎక్కడైనా తప్పు లేకుండా ఉందంటే అక్కడే.

కొన్నేళ్ల క్రితం ఆయనకు ఒక సన్మానం జరిగింది. ఎవరు చేశారో చెప్పడం నా ఉద్దేశం కాదు. మంచి మనసుతోనే చేశారు. ఉదయం తొమ్మిదికి రావాలని కబురు వస్తే, ముందురోజే ఇస్త్రీ చేయించుకున్న తెల్ల చొక్కా వేసుకుని, పతకాలు జేబులో పెట్టుకుని ఏడు గంటల బస్సెక్కారు. ముఖ్య అతిథి వచ్చేసరికి ఒంటిగంట అయింది. అప్పటిదాకా ఇరవై మంది దాకా ముసలివాళ్లు షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. వారిలో సగం మందికి షుగరు, మూత్రశాల ఎక్కడుందో చెప్పేవారు లేరు, లేచి వెళ్తే అదే సమయంలో తమ పేరు పిలుస్తారేమోనన్న భయం వేరే. చివరికి పిలిచినప్పుడు ఒక్కొక్కరికీ ఒక శాలువా, ఒక మెమెంటో, ఒక ఫొటో, అంతా కలిపి అర నిమిషం. ఇంటికొచ్చాక ఆ మెమెంటో మీది అక్షరాలు నేను చదివి వినిపించాను: "కార్గిల్ యుద్ధ వీరుడు". బాపు ఒక్క క్షణం ఆగి, "ఆ లడాయి నాది కాదు బిడ్డా, అప్పటికి నేను మక్క చేన్ల గుంటుక కొడుతున్న" అన్నారు. కోపం లేదు, నవ్వారు కూడా. కానీ ఆ మెమెంటోను అల్మరాలో అక్షరాలు గోడవైపు ఉండేలా తిప్పి పెట్టారు. ఆయన పోయి ఇప్పటికి రెండేళ్లు దాటింది, అది ఇంకా అట్లాగే ఉంది.

కార్గిల్ వీరుల గౌరవాన్ని తగ్గించడానికి ఈ సంగతి చెప్పడం లేదు. 1999లో జరిగిన ఆ యుద్ధాన్ని మనమంతా టీవీలో చూశాం, హైదరాబాద్ వాసి మేజర్ పద్మపాణి ఆచార్యకు మరణానంతరం మహావీర చక్ర వచ్చిందని విన్నాం. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు అమరుడైతే రాష్ట్ర ప్రభుత్వం వెంటనే ఆ కుటుంబానికి 5 కోట్ల రూపాయలు, ఆయన భార్యకు గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. అది సబబైన పని. అంటే ఎట్లా గౌరవించాలో మన ప్రభుత్వానికి తెలియక కాదు. ప్రాణాలతో తిరిగివచ్చి, నిశ్శబ్దంగా ముసలివాళ్లైపోయిన వారి విషయంలో మాత్రం ఆ శ్రద్ధ వేదిక, శాలువా, ఫొటో దగ్గరే ఆగిపోతోంది.

మన వైపు దసరా నాడు ఏం చేస్తామో మీకు తెలియనిది కాదు. పాలపిట్టను చూసి, జమ్మి చెట్టు దగ్గర నుంచి తెచ్చుకున్న ఆకును బంగారం అనుకుంటూ, ఊళ్లో పెద్దలున్న ప్రతి గడపకూ వెళ్లి, వారి చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతాం. పెద్దాయన మంచం మీద ఉంటే మంచం దగ్గరికే పోతాం. జమ్మి తీసుకోవడానికి మా ఇంటికి రండి అని పెద్దలకు కబురు పెట్టినవాడిని ఊరంతా నవ్వుతుంది. ప్రభుత్వం నుంచి నేను కోరుతున్న పద్ధతి కూడా ఇదే, కొత్తదేమీ కాదు. తహసీల్దారు గానీ, ఎంపీడీవో గానీ, సైనిక సంక్షేమ కార్యాలయం అధికారి గానీ, కుదిరిన చోట కలెక్టరు గానీ ఆ ఇంటికి వెళ్లాలి. పది నిమిషాలు కూర్చోవాలి. ఆయన పేరు, నంబరు, పనిచేసిన దళం, పాల్గొన్న యుద్ధం సరిగ్గా రాసిన ఒక ప్రశంసాపత్రాన్ని తెలుగులో చదివి వినిపించి చేతిలో పెట్టాలి. ఆ మనిషికి చెవి వినపడకపోతే ఇంటివాళ్లయినా వింటారు, అరుగు మీద చేరిన చుట్టుపక్కలవాళ్లయినా వింటారు. పొద్దున లేస్తే "మిల్ట్రీ" అని పిలిచే వాళ్లకు ఆ పిలుపు వెనుక ఏముందో తెలియడం శాలువా కంటే పెద్ద మర్యాద.

దీనికి ముందు జాబితా కావాలి, చిక్కంతా అక్కడే ఉంది. పింఛను వచ్చేవారి వివరాలు కేంద్ర ప్రభుత్వ స్పర్శ్ వ్యవస్థలో ఉంటాయి, సైనిక సంక్షేమ కార్యాలయంలో నమోదైనవారివి ఆ కార్యాలయంలో ఉంటాయి. మా బాపులాగా తక్కువ సర్వీసుతో తిరిగివచ్చినవారిలో చాలామంది ఈ రెండింటిలోనూ కనిపించరు. పైగా "మాజీ సైనికుడు" అనే మాటకు ప్రభుత్వ నిర్వచనం అందరికీ ఒక్కటి కాదు. ఏ తేదీన విడుదలయ్యారు, ఏ కారణంతో విడుదలయ్యారు, తానుగా కోరి వచ్చారా, పంపిస్తే వచ్చారా అనే వాటిని బట్టి అది మారుతుంది. ఉద్యోగాల్లో రిజర్వేషన్లకు, ఆర్థిక సాయానికి అటువంటి కొలతలు అవసరమేమో గానీ గౌరవానికి అవసరం లేదు. 1962, 1965, 1971 యుద్ధాల రోజుల్లో ఆ మనిషి యూనిఫాంలో ఉన్నాడా లేడా అన్న ఒక్క ప్రశ్న చాలు. జవాబు డిశ్చార్జి బుక్కులో చేరిన తేదీ, విడుదలైన తేదీ, పతకాల వివరాల దగ్గర దొరుకుతుంది: 1965కు సమర్ సేవా స్టార్, రక్షా మెడల్, 1971కు పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్. బుక్కు చెదలు తిని ఉంటే పతకం అంచు మీది నంబరు చూసి, ఆయా దళాల రికార్డు కార్యాలయాలకు శాఖ తరఫున మీరే రాసి తెప్పించవచ్చు. ఎనభై ఏళ్ల మనిషిని ఆధార్‌లో పుట్టిన తేదీ, బుక్కులో పుట్టిన తేదీ ఒక్కటిగా లేవని మీసేవ చుట్టూ తిప్పవద్దని మాత్రం ప్రత్యేకంగా వేడుకుంటున్నాను. ఆ రోజుల్లో భర్తీ చేసుకున్నవాళ్లు ఎత్తు, ఛాతీ కొలిచి, వయసు అంచనా వేసి రాసుకున్న తేదీలు అవి. ఇంటిపేరు చివర, పేరు ముందు పెట్టి రాసిందీ వాళ్లే. ఊళ్లో ఎవరు మిల్ట్రీ చేసి వచ్చారో పంచాయతీ కార్యదర్శిని, ఆశా కార్యకర్తను, పోస్ట్‌మన్‌ను అడిగితే ఒక్క పూటలో చెప్తారు.

ఇళ్లకు వెళ్లడంలో ఇంకొక లాభం ఉంది. పింఛను లేని, 65 ఏళ్లు దాటిన, హవల్దారు హోదా వరకు పనిచేసిన మాజీ సైనికులకూ, వారి వితంతువులకూ కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే నెలవారీ సాయాన్ని 4,000 రూపాయల నుంచి 8,000కు పెంచారు. 2025 నవంబరు 1 నుంచి వచ్చే దరఖాస్తులకు ఇది వర్తిస్తుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లో చేయాలి. మా మండలంలో ఈ సంగతి తెలియక ఆసరా పింఛనుతోనే నెట్టుకొస్తున్న ఇద్దరిని నాకు నేనుగా ఎరుగుదును. పింఛను ఉన్నవారి కష్టం ఇంకొక రకం: ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సి వచ్చినప్పుడు, నాగలి పట్టి అరిగిన వేళ్లకు ముద్ర పడక, వేలు తుడుచుకుని మళ్లీ మళ్లీ యంత్రం మీద పెట్టే ముసలివాళ్లను చూస్తున్నాం. ఇప్పుడు ముఖం చూపి కూడా ఆ పని ముగించే వీలుంది. ప్రశంసాపత్రంతో వెళ్లిన మనిషి చేతిలో ఫోను ఎట్లాగూ ఉంటుంది. అయినా నేను కోరే గౌరవం ఈ సాయాలతో ముడిపడినది కాదు కాబట్టి ఈ ప్రస్తావన ఇంతటితో ఆపుతాను.

వీరి గురించి మనకు ఇంత తక్కువ ఎందుకు తెలుసో ఉత్తర తెలంగాణ బయటివారికి వివరించడం కొంచెం కష్టం. ఎనభైల్లో, తొంభైల్లో మా ఊళ్లలో తుపాకీ మాట ఎత్తడానికే భయపడే వాతావరణం ఉండేది. రాత్రి నక్సలైట్లొస్తే పగలు పోలీసులు వచ్చి ఆరా తీసేవారు. సెలవు మీద కాజీపేటలో రైలు దిగిన జవాను యూనిఫాంను సంచి అడుగున పెట్టుకుని లుంగీ కట్టుకుని ఊళ్లోకి వచ్చేవాడు. బ్యాంకు దగ్గర గార్డుగా ఉన్న మాజీ సైనికుడి ఇంట్లో తుపాకీ ఉందేమోనని రెండు వైపులా చూపు ఉండేది. మా గోడ మీది యూనిఫాం ఫొటోను బాపు ఆ రోజుల్లోనే దించి పెట్టెలో పెట్టారు. మళ్లీ ఎక్కించడానికి ఆయనకు మనసు రాలేదో, అలవాటు తప్పిందో తెలియదు. ఏ కథలూ చెప్పకుండా వృద్ధాప్యానికి వచ్చిన ఒక తరం ఇట్లా తయారైంది. చలి ఎక్కువగా ఉన్న రాత్రి మాత్రం, మంట కాగుతూ, మేఘనా నదిని హెలికాప్టర్లలో దాటించారనీ, ఆ చప్పుడుకు నీళ్లలో చేపలు ఎగిరినాయనీ ఒకసారి అన్నారు. నది పేరు నేను తర్వాత పటంలో వెతుక్కున్నాను. అది 1971 డిసెంబరు 9 నాటి ముచ్చట అని, తర్వాత ఎప్పుడో చదివినప్పుడు తెలిసింది. అప్పటికి అడగడానికి ఆయన లేరు.

ఇంతకుముందు తరాన్ని మనం పూర్తిగా పోగొట్టుకున్నాం. 1941 డిసెంబరులో జపాన్ సేనలు మలయాలోని కోట భారు తీరంలో దిగినప్పుడు అక్కడి విమానాశ్రయాన్ని కాపలా కాస్తున్నది హైదరాబాద్ సంస్థాన సైన్యానికి చెందిన పటాలం. ఆ యుద్ధానికి వెళ్లివచ్చిన మన ప్రాంతపు మనుషులు ఏం చూశారో, ఏం పడ్డారో ఎవరు రాసి పెట్టారు? వారిలో బతికి ఉన్నవారు ఉంటే నూరేళ్ల దగ్గరపడ్డవారే. 1962, 1965, 1971 తరాలకు కూడా అదే గతి పట్టకూడదంటే, ప్రశంసాపత్రంతో వెళ్లే అధికారి వెంట ఒక విద్యార్థి రికార్డరుతో వెళ్లాలి. హనుమకొండలో కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది, అందులో చరిత్ర చదివే పిల్లలు ఉన్నారు. ఒక్కొక్కరికి ఒక మండలం అప్పగిస్తే రెండు నెలల్లో ఉమ్మడి జిల్లా అంతా తిరగవచ్చు. ప్రశ్నలు కూడా పెద్దవి వద్దు: ఏ స్టేషన్‌లో రైలెక్కారు, సెలవులు రద్దయ్యాయని తార్ (టెలిగ్రాం) వచ్చినప్పుడు ఇంట్లో ఎవరేమన్నారు, ఏం తిన్నారు, పక్కన ఎవరున్నారు. యుద్ధం ఎట్లా జరిగిందని అడిగితే వాళ్లు నోరు విప్పరు. ఏం తిన్నారని అడిగితే చెప్పడం మొదలుపెడతారు. ఇది నా అనుభవం, ఆలస్యంగా తెలుసుకున్నది.

అదే రికార్డరు ముందు ఇంట్లో ఆడవాళ్లను కూడా కూర్చోబెట్టండి. 1971లో మా అమ్మకు పదిహేడేళ్లు, చేతిలో నెలల పసిబిడ్డ. పోస్టాఫీసు నుంచి వచ్చే ఉత్తరం మీద ఊరు పేరు ఉండేది కాదు, "99 ఏపీఓ" అని సైనిక తపాలా నంబరు మాత్రం ఉండేది; అదొక ఊరనుకుని అది ఏ దిక్కున ఉంటదని మా తాతను అడిగేదట. డిసెంబరు నెలంతా ఉత్తరం రాలేదు. జనవరిలో మనియార్డరు వచ్చింది, కింద కూపన్ మీద రెండే ముక్కలు: "క్షేమం. ఉల్లిగడ్డ నాటండి." ఆ కూపన్ ఇప్పటికీ ఆమె పసుపు కుంకుమ డబ్బాలో ఉంది. సైనికుడు పోయిన ఇళ్లలో ఇప్పుడు మిగిలింది ఇటువంటి ఆడవాళ్లే. ప్రశంసాపత్రం వారికి ఇచ్చేటప్పుడు "ఫలానా సైనికుని భార్య" అని రాసి ఊరుకోకుండా, ముందు ఆమె పేరు రాయాలని విన్నపం.

ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో, స్వాతంత్ర్యం తర్వాత ప్రాణాలర్పించిన 25,942 మంది పేర్లు రాతి మీద చెక్కారు. 2017 ఏప్రిల్‌లో ఆనాటి బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా ఢిల్లీకి వచ్చినప్పుడు, 1971లో అమరులైన భారత సైనికుల్లో ఏడుగురి కుటుంబాలకు తమ దేశం తరఫున స్వయంగా గౌరవపత్రాలు అందించారు. రెండు చోట్లా ఎవరి పేరు వారికి సరిగ్గా ఉంది. మనకు అంత రాయి కూడా అవసరం లేదు. ప్రతి గ్రామ పంచాయతీ గోడ మీద ఉపాధి హామీ వివరాలు, నీటి పన్ను బకాయిలు రాసే చోటుకు పక్కనే, ఆ ఊరి నుంచి ఏ యుద్ధానికి ఎవరు వెళ్లారో నాలుగు వరుసలు పెయింటుతో రాయించవచ్చు.

తేదీ విషయంలో ఒక మాట. సైన్యం మాజీ సైనికుల దినాన్ని జనవరి 14న జరుపుతుంది. 1953లో ఆ రోజునే తొలి భారతీయ సైన్యాధిపతి కరియప్ప పదవీ విరమణ చేశారు కాబట్టి ఆ తేదీ. మన దగ్గర అది భోగి, సంక్రాంతి సందడి. ఆఫీసులు మూసి ఉంటాయి, అధికారులు ఊళ్లకు పోతారు, పతంగుల మధ్య ఆ దినం ఉన్నట్టే ఎవరికీ తెలియదు. డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం నాడు విరాళాల డబ్బాలు తిరుగుతాయి తప్ప ఎవరి కోసం తిరుగుతున్నాయో ఆ మనుషులు కనిపించరు. అందుకే దసరా నుంచి డిసెంబరు 16 వరకు అంటున్నాను: పత్తి ఏరే రోజులే గానీ, ముసలివాళ్లు ఇంటి పట్టునే ఉంటారు, ఎండ తక్కువ, దారులు ఎండి ఉంటాయి.

ఒకవేళ ఈ లోపు వారిలో ఎవరైనా కన్నుమూస్తే, కబురు అందిన రోజునే తహసీల్దారు కార్యాలయం నుంచి ఒకరు వెళ్లి పుష్పగుచ్ఛం ఉంచేటట్టు ఆదేశం ఇవ్వండి. మా బాపును తీసుకెళ్లిన రోజు డప్పులు మోగాయి, బంధువులు వచ్చారు, ఊరు ఊరంతా వచ్చింది. నేను ఆ సంగ్రామ్ మెడల్‌ను ఛాతీ మీద పెట్టి, పాడె లేపే ముందు తిరిగి తీసుకున్నాను. అట్లా పెట్టవచ్చో లేదో, పెడితే ఎవరి అనుమతి కావాలో అప్పుడు చెప్పేవారు ఎవరూ లేరు.

మా ఊళ్లో ఇప్పుడు మిగిలింది ఒక్కరే. 1965లో పంజాబ్ సరిహద్దులో ఉన్నాయన, బస్టాండు వెనక వేపచెట్టు ఉన్న ఇల్లు. మధ్యాహ్నం తర్వాత నిద్రపోతారు కాబట్టి పొద్దున పది లోపు రావాలి. కుడి చెవి పూర్తిగా పోయింది. కుర్చీ ఎడమ పక్కకు వేసుకుని కూర్చోండి.

ఇట్లు,
1971 నాటి ఒక సిగ్నల్స్ లైన్‌మన్ కొడుకు,
పరకాల మండలం, హనుమకొండ జిల్లా